లిస్బన్ వెళ్తున్నారా? ఎక్కడ తినాలి, ఏం చూడాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కి నేను మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి ఒంటరిగా, ఒకసారి స్నేహితులతో, చివరిసారి అమ్మానాన్నలతో. ఆ తర్వాత చుట్టాలు, ఆఫీసు వాళ్ళు, వాళ్ళ చుట్టాలు ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటే, జవాబులన్నీ ఒకచోట రాసిపెడితే పని తీరుతుందనిపించింది. ఆ ఊరివాళ్ళు ‘లిష్బోవా’ అంటారు. వాళ్ళ నోట్లో ‘స’ చాలాచోట్ల ‘ష’ అవుతుంది. ఇది గుర్తుపెట్టుకుంటే మెట్రోలో అనౌన్స్‌మెంట్లు సగం అర్థమవుతాయి.

ఎన్ని రోజులు సరిపోతాయి?

నాలుగు. మూడు ఊళ్ళోకి, ఒకటి దగ్గర్లోని కొండ ఊరు సీంత్రాకి. యూరప్ ట్రిప్ అనగానే పది రోజుల్లో ఆరు దేశాలు చుట్టేసే టూర్లలో లిస్బన్‌ని ఒకటిన్నర రోజులో తోసేస్తారు. అలా వస్తే ఎత్తుపల్లాల్లో పరిగెత్తి కాళ్ళు నొప్పులు పుట్టడం తప్ప మిగిలేది ఏమీ ఉండదు. ఏడు కొండల మీద కట్టిన ఊరని చెప్పుకుంటారు. మ్యాప్‌లో పావుగంట అని కనిపించిన దూరానికి అరగంట పడుతుంది, మధ్యలో ఎక్కడో కూర్చోవాలనిపిస్తుంది. అందుకే రోజుకి రెండు చోట్లు పెట్టుకోండి, మూడోది పెట్టకండి. ఆ మిగిలిన టైమే ఈ ఊళ్ళో అసలు సరదా.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్ళీ సెప్టెంబర్, అక్టోబర్. ఆగస్టులో ఎండ, జనం రెండూ ఎక్కువే. పైగా చిన్న హోటళ్ళవాళ్ళు చాలామంది తాళం వేసుకుని సెలవులకి వెళ్ళిపోతారు. చలికాలంలో మంచు పడదు గానీ వానలుంటాయి.

నన్నడిగితే జూన్ రెండో వారం. 12వ తేదీ రాత్రి సెయింట్ ఆంథనీ పండగ. అల్ఫామా, మొరారియా పేటల్లో ఇళ్ళ ముందే బొగ్గుల పొయ్యి పెట్టి సార్డిన్ చేపలు కాలుస్తారు, సందంతా పొగ. ఆ రోజుల్లో చిన్న కుండీల్లో గుండ్రంగా పెరిగిన ఒక మొక్క అమ్ముతారు, పేరు మంజెరీకు. మన తులసి జాతిదే. కుండీలో కాగితం పువ్వు, చిన్న పద్యం రాసిన చీటీ గుచ్చి ఉంటాయి. దానికి ముక్కు ఆనించి వాసన చూడకూడదట, వాడిపోతుందని. అరచేత్తో నిమిరి ఆ చెయ్యి వాసన చూడాలి. మా అమ్మకి లిస్బన్ మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

వీసా, పన్నులు, ఇతర ఖర్చుల సంగతి?

భారతీయ పాస్‌పోర్ట్ ఉంటే షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. హోటల్ బిల్లు కాకుండా ఊరి టూరిస్ట్ పన్ను ఉంటుంది: 2024 సెప్టెంబర్ నుంచి మనిషికి రాత్రికి 4 యూరోలు, గరిష్ఠంగా ఏడు రాత్రులకి. 13 ఏళ్ళలోపు పిల్లలకి లేదు. ఇది బుకింగ్‌లో కలవకపోతే హోటల్ కౌంటర్ దగ్గర అడుగుతారు, మోసమనుకోకండి.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్ళోకి ఎలా?

మెట్రో. రెడ్ లైన్ ఎయిర్‌పోర్ట్ లోపలిదాకా వస్తుంది. సిటీ మధ్యకి చేరాలంటే ఒకసారి లైన్ మారాలి, మొత్తం అరగంట పని. ‘నవెగాంత్’ అనే అట్టకార్డు అర యూరోకి ఇస్తారు, అందులో డబ్బు వేసుకుని మెట్రో, బస్సు, ట్రామ్, నది దాటే ఫెర్రీ, లోకల్ రైలు అన్నిటికీ వాడుకోవచ్చు. మనిషికో కార్డు ఉండాలి, ఒక కార్డు మీద ఇద్దరు వెళ్ళడం కుదరదు.

హోటల్ ఏ ఏరియాలో తీసుకోవాలి?

పెద్దవాళ్ళు ఉంటే బాయిషా. అది ఊరి మధ్యలో చదునుగా ఉండే భాగం. అల్ఫామా ఫొటోల్లో చాలా బాగుంటుంది, కానీ చక్రాల సూట్‌కేసుతో ఆ రాళ్ళ మెట్లు ఎక్కడం నేను ఒకసారి చేశాను, రెండోసారి చెయ్యను. బైరు ఆల్టు రాత్రి రెండింటిదాకా గోలగోలగా ఉంటుంది.

అడక్కుండానే బ్రెడ్డు, ఆలివ్‌లు తెచ్చి పెట్టారు. ఫ్రీయేనా?

కాదు. దీన్ని ‘కూవేర్’ అంటారు. మన దగ్గర ఉల్లిపాయ, నిమ్మముక్క పెట్టినట్టే పెడతారు గానీ, తింటే బిల్లులో పడుతుంది. మొదటిసారి ఒక హోటల్లో నేను ఆ బ్రెడ్డు, ఆలివ్‌లు, చిన్న చీజ్ ముద్ద, రొయ్యల పేస్టు అన్నీ ఆనందంగా లాగించి, బిల్లు చూసి నోరు తెరిచాను. తప్పు వాళ్ళది కాదు, అక్కడి పద్ధతే అది. ముట్టుకోకపోతే డబ్బులు పడవు. వద్దనుకుంటే నవ్వుతూ ‘నావ్, ఒబ్రిగాదు’ అంటే తీసుకెళ్ళిపోతారు. ఆడవాళ్ళయితే ‘ఒబ్రిగాద’ అనాలి. అయితే ఆలివ్‌లు మాత్రం ఉంచుకోండి, బాగుంటాయి.

మేం పూర్తి శాకాహారులం. ఆకలితో ఉండాల్సిందేనా?

అక్కర్లేదు, కానీ అడగడం నేర్చుకోవాలి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ‘మాంసం వద్దు’ అంటే చాలామంది చేప పెట్టొచ్చని అనుకుంటారు. కాబట్టి ఒక్క వాక్యం బట్టీ పట్టండి: ‘నావ్ కోము కార్న్ నెం పెయిష్’. మాంసమూ తినను, చేపా తినను అని. గుడ్డు కూడా తినకపోతే ‘నెం ఓవుష్’ కలపండి.

మెనూలో మొదట చూడాల్సింది సూప్. చిన్న హోటల్లో కూడా రోజూ ఏదో ఒక కూరగాయల సూప్ ఉంటుంది, చౌక, వేడివేడిగా ఇస్తారు. జాగ్రత్త పడాల్సింది ‘కాల్దు వెర్ద్’తో. ఆకుకూర, బంగాళాదుంప సూపే అది, కానీ పైన ఒక పంది సాసేజ్ ముక్క వేస్తారు. తీసేసి తినమంటే మనవాళ్ళు తినరు కదా.

రెండోది ‘పెయిషీన్యుష్ ద ఓర్త’. పేరుకి అర్థం ‘తోటలోని చిన్న చేపలు’. చేప అని చూసి వదిలేయకండి, అందులో చేపే లేదు! బీన్స్ కాయల్ని పిండిలో ముంచి వేయిస్తారు. అచ్చం మన బజ్జీ. పిండిలో గుడ్డు కలిపే అలవాటు ఉంది, అది అడగండి. జపాన్ వాళ్ళ తెంపురా కూడా పోర్చుగీసు వాళ్ళ ఈ వేపుళ్ళ నుంచే పుట్టిందంటారు.

మూడోది అన్నం. అవును, వీళ్ళు యూరప్‌లో అన్నం బాగా తినేవాళ్ళు. టమాటా అన్నం, చిక్కుడు గింజల అన్నం చేపల పక్కన పెడతారు. దాన్ని మాత్రమే అడిగితే ఇస్తారు, కానీ గింజల అన్నంలో సాసేజ్ పడిందేమో కనుక్కోండి. ఇంకో మంచి విషయం, కొత్తిమీర. మిగతా యూరప్‌లో దాన్ని పెద్దగా పట్టించుకోరు గానీ, వీళ్ళు మనలాగే గుప్పెడు గుప్పెడు వేస్తారు. ఆ వాసన తగలగానే ప్రాణం లేచొస్తుంది. చివర్లో ‘అరోష్ దోస్’ తీసుకోండి. పాలు, బియ్యం, చక్కెర, నిమ్మతొక్క, పైన దాల్చినచెక్క పొడితో ముగ్గు. పరమాన్నానికి పెద్దమ్మ కూతురు అనుకోండి. కొన్నిచోట్ల గుడ్డు సొన కలుపుతారు.

ఇవన్నీ వద్దు, టెన్షన్ లేకుండా తినాలంటే ఊరికి ఉత్తరాన ఉన్న రాధాకృష్ణ మందిరానికి వెళ్ళండి. 1970ల్లో మొజాంబిక్ నుంచి వచ్చి స్థిరపడిన గుజరాతీ కుటుంబాల సమాజానిది. అక్కడి క్యాంటీన్‌లో శాకాహార భోజనం పెడతారు. దర్శనం, భోజనం రెండూ అవుతాయి. మా నాన్న ఆ రోజు పప్పు, రొట్టె తిని గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

చేపలు, మాంసం తింటాం. ఏవి వదలకూడదు?

బకల్యావ్‌తో మొదలుపెట్టండి. ఉప్పులో ఊరి ఎండిన కాడ్ చేప ఇది. మజా ఏంటంటే ఈ చేప పోర్చుగల్ సముద్రంలో దొరికేది కాదు, ఎక్కువగా నార్వే నుంచి వస్తుంది. వందల ఏళ్ళ కిందట ఓడల్లో చెడిపోకుండా ఉండేందుకు తీసుకెళ్ళిన తిండి ఇంటి వంట అయిపోయింది. సూపర్‌మార్కెట్‌లో అడుగుపెట్టగానే ఒక మూల నుంచి మన ఎండుచేపల వాసనే వస్తుంది. ఒకటి రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి వండుతారు. ఏడాదిలో రోజుకొక రకం చొప్పున వంటకాలున్నాయంటారు. మొదటిసారికి ‘బకల్యావ్ అ బ్రాష్’ తినండి: చేపని పొరలుగా విడదీసి, సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంప పుల్లలు, గుడ్డుతో కలుపుతారు. ముల్లు భయం ఉండదు.

సార్డిన్ చేపలు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య తినాలి. అప్పుడే కొవ్వు పట్టి ఉంటాయి. మన తీరంలో కవళ్ళు అంటారే, వాటికి దగ్గరి చుట్టాలు. కళ్ళుప్పు చల్లి బొగ్గుల మీద కాల్చి, బ్రెడ్డు ముక్క మీద పెట్టుకుని తింటారు. చివరికి ఆ నూనె పీల్చుకున్న బ్రెడ్డే అసలు రుచి.

గిన్నెడు రొయ్యలు, పీతలు, గుల్లలు వేసి పులుసుగా వండే అన్నం ‘అరోష్ ద మారిష్కు’ ఇద్దరికి ఒకటి చాలు. సీఫుడ్‌కి పేరున్న చోటు సెర్వెజరీయ రమీరు, 1956 నుంచి ఉంది. సాయంత్రం ఏడు దాటితే క్యూ బయటదాకా ఉంటుంది. అక్కడ ఒక విచిత్రమైన ఆచారం, సీఫుడ్ అయ్యాక తీపి బదులు ‘ప్రేగు’ అనే బీఫ్ బన్ తింటారు. బీఫ్ తిననివాళ్ళు మెనూలో ‘వాక’, ‘వితెల’ అనే మాటలు చూసుకోండి. ‘పోర్కు’ అంటే పంది. ‘ఫ్రాంగు’ అంటే కోడి. వీధిలో తినే ‘బిఫాన’ బన్నులో ఉండేది పంది మాంసమే.

రెండు డబ్బు విషయాలు. చేపలకి మెనూలో కిలో ధర రాసి ఉంటుంది, అది ప్లేటు ధర అనుకుని పొరపడకండి. ముందే తూకం వేసి చెప్పమనండి. రెండు, ‘మెయా దోజ్’ అంటే అర ప్లేటు. ఒక మనిషికి అదే ఎక్కువ.

కారం ఉంటుందా?

ఉండదు. ఇదే నాకు ఎప్పటికీ అర్థం కాని సంగతి. అమెరికా ఖండాల నుంచి మిరపకాయని ఓడలెక్కించి మన తీరానికి తెచ్చింది వీళ్ళే. మనం దాన్ని పట్టుకుని గుంటూరు యార్డు దాకా వెళ్ళిపోయాం, వీళ్ళేమో ఉప్పు, వెల్లుల్లి, ఆలివ్ నూనె దగ్గరే ఆగిపోయారు. కాస్త ఘాటు కావాలంటే ‘పిరి-పిరి’ అని అడగండి. మిరపకాయలు నానబెట్టిన నూనె సీసా తెస్తారు. బొగ్గుల మీద కాల్చిన కోడి మీద అది పోసుకుంటే మన నాలుకకి సరిపోతుంది. రెస్తౌరదోరష్ చౌరస్తా వెనక సందులో ఉన్న బొంజార్దిం ఇందుకు పాత పేరు. వెయిటర్ ‘జాగ్రత్త, చాలా కారం’ అని హెచ్చరిస్తాడు. ఊరికే తలూపండి.

నాటా ఎక్కడ తినాలి? బెలేమ్‌లోనేనా?

కరకరలాడే పొరల గిన్నెలో గుడ్డు సొన, పాలు, చక్కెర కలిపిన మీగడలాంటిది పోసి, పైన నల్లమచ్చలు పడేలా కాలుస్తారు. అదే పాష్టెల్ ద నాటా. ఊరికి పడమర నది ఒడ్డున ఉన్న పేట బెలేమ్. అక్కడి పాత దుకాణం 1837 నుంచి నడుస్తోంది. పక్కనున్న జెరోనిముష్ మఠం సన్యాసుల వంటపద్ధతి అంటారు. అప్పట్లో మఠాల్లో బట్టలకి గంజి బదులు గుడ్డు తెల్లసొన వాడేవారట, మిగిలిపోయిన పచ్చసొనలతో ఇన్ని తీపి వంటలు పుట్టాయని చెప్పుకుంటారు. ‘పాష్టెయిష్ ద బెలేమ్’ అనే పేరు ఆ ఒక్క దుకాణానిదే, మిగతా ఊరంతా ‘నాటా’ అనాలి.

బయట క్యూ చూసి బెదిరిపోకండి, అది పార్సిల్ క్యూ. లోపల నీలం పలకల గోడల మధ్య వందల మంది పట్టే గదులున్నాయి, అక్కడ తొందరగా సీటు దొరుకుతుంది. ఏది బాగుంటుందంటే, నా ఓటు షియాదులోని కమోయిష్ చౌరస్తా దగ్గరున్న మాంతెయిగరీయకి. కళ్ళెదుటే పెనాల నుంచి తీస్తారు. వేడిగా ఉండగానే దాల్చినచెక్క పొడి చల్లుకుని నిలబడి తినేయాలి. రూముకి తీసుకెళ్ళి రాత్రి తింటాం అనే మాట అనకండి.

మంచి కాఫీ దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ ఊరికే ‘కాఫీ’ అంటే రెండు గుక్కల చేదు కషాయం ఇస్తారు. లిస్బన్‌లో దాని పేరు ‘బిక’. మనలాంటి పాల కాఫీ కావాలంటే ‘గలావ్’ అడగండి, గాజు గ్లాసులో వస్తుంది. అదే కౌంటర్లో మూలన ఉన్న గాజు పెట్టెలో ‘షమూస’ కనిపిస్తుంది. పేరు చూడగానే అర్థమైపోయింది కదా, సమోసాయే. గోవా, మొజాంబిక్ దారిన వచ్చి వీళ్ళ రోజువారీ చిరుతిండి అయిపోయింది. లోపల ఎక్కువగా మాంసమే ఉంటుంది, అడిగి తీసుకోండి.

నాలుగో రోజుకి మన తిండి కావాలనిపిస్తే?

మార్తిం మొనీజ్ మెట్రో దగ్గర దిగండి. బంగ్లాదేశీ, నేపాలీ, పంజాబీ హోటళ్ళు, కిరాణా కొట్లు వరసగా ఉంటాయి. కందిపప్పు, కరివేపాకు, బాస్మతి, పచ్చిమిరప అన్నీ దొరుకుతాయి. హలాల్ మాంసం కావాలన్నా అక్కడే. టూరిస్టుల కోసం సిటీ మధ్యలో పెట్టిన బటర్ చికెన్ బోర్డుల కంటే ఇక్కడ చౌక, రుచీ నయం. గోవా వంటల హోటళ్ళు కూడా కొన్ని ఉన్నాయి. అక్కడ పులుపు, కొబ్బరి, కారం మూడూ ఉన్న చేపల కూర దొరికితే పండగే.

టైమ్ అవుట్ మార్కెట్‌కి వెళ్ళాలా?

రకరకాల తిండి కొట్లు ఒకేచోట ఉన్న పెద్ద హాలు అది. గుంపులో ఒకొక్కరికి ఒకో తిండి కావాలంటే పనికొస్తుంది. లేకపోతే వద్దు, ధర ఎక్కువ, సీటు కోసం ప్లేటు పట్టుకుని తిరగాలి. అదే భవనంలో పక్కభాగం పాత కూరగాయల, చేపల మార్కెట్. పొద్దున్నే వెళ్ళి అది చూడండి. మధ్యాహ్నం మాత్రం ఏదైనా ‘తాష్క’లో తినండి. అంటే నాలుగైదు బల్లలున్న చిన్న హోటల్. తలుపు దగ్గర చేత్తో రాసిన కాగితం మీద ‘ప్రాతు దు దియ’ అని ఉంటుంది, ఆ రోజు స్పెషల్. పన్నెండున్నరకే వెళ్ళండి. ఒంటిగంటకి చుట్టుపక్కల పనిచేసే వాళ్ళంతా వచ్చేస్తారు, ఒకటిన్నరకి మంచి ఐటమ్ అయిపోతుంది.

ట్రామ్ 28 ఎక్కాల్సిందేనా?

ఎక్కండి, కానీ పొద్దున ఎనిమిది లోపు, లేదా రాత్రి. పసుపు రంగు చెక్క ట్రామ్ సందుల్లో ఇళ్ళ గోడల్ని రాసుకుంటూ వెళ్తుంటే భలే ఉంటుంది. పదిన్నరకి ఎక్కితే కనిపించేది ఎదుటివాళ్ళ చంకలే. పైగా జేబుదొంగలకి ఇది సొంత ఆఫీసు. నా స్నేహితుడి పర్సు అలాగే పోయింది, స్టాపులో దిగి చూసుకునేదాకా తెలియలేదు. రద్దీ ఉంటే 12వ నంబరు ట్రామ్ ఎక్కండి, చిన్న చుట్టు గానీ దాదాపు అవే సందులు.

కొండ ఎక్కించే ఫ్యునిక్యులర్ బండ్ల గురించి కూడా అడుగుతున్నారు. 2025 సెప్టెంబర్ 3న గ్లోరియా ఫ్యునిక్యులర్ ప్రమాదంలో 16 మంది చనిపోయారు. ఆ తర్వాత వాటిని ఆపేశారు. మీరు వెళ్ళేనాటికి నడుస్తున్నాయో లేదో చూసుకోండి, వాటి మీద ఆధారపడి ప్లాన్ వేయకండి.

బెలేమ్‌లో ఏం చూడాలి?

జెరోనిముష్ మఠం. లిస్బన్‌లో ఒక్కటే చూడగలరంటే ఇదే చూడండి. 1501లో పని మొదలైంది. డబ్బు ఎక్కడిదంటే, మిరియాలు, సుగంధద్రవ్యాల వ్యాపారం మీద వేసిన ఐదు శాతం పన్ను. అంటే మలబారు తీరంలో ఎక్కిన మిరియాల బస్తాలే ఇక్కడ రాయిగా మారాయి. స్తంభాల మీద చెక్కిన ఓడ తాళ్ళు, ముడులు, సముద్రపు మొక్కలు వేలితో తడిమి చూడాలనిపిస్తుంది. తడమనివ్వరు.

చర్చి గుమ్మం దగ్గరే వాస్కోడగామా సమాధి. బడిలో ‘1498, కాలికట్’ అని బట్టీ పట్టిన మనిషి రాతి బొమ్మగా చేతులు జోడించి పడుకుని ఉంటాడు. 1524లో కొచ్చిలో చనిపోతే మొదట అక్కడే పాతిపెట్టారు, తర్వాతే పోర్చుగల్ తెచ్చారు. ఇక్కడివాళ్ళకి వీరుడు. మక్కా యాత్రికుల ఓడని మనుషులతో సహా తగలబెట్టించాడని మలబారు వాళ్ళకి గుర్తు. నేను అక్కడ నిలబడినప్పుడు ఏమనుకోవాలో తెలియలేదు. సమాధి మీద చెక్కిన ఓడ మాత్రం చాలాసేపు చూశాను. ఎదురుగా ఇంకో సమాధి కవి కమోయిష్‌ది.

సోమవారం మఠం మూసేస్తారు. టిక్కెట్టు ఆన్‌లైన్‌లో కొని పొద్దున్నే వెళ్ళండి. బెలేమ్ కోటబురుజు బయట నుంచి చూస్తే చాలు, లోపల ఇరుకు మెట్ల దగ్గర క్యూలో అలసిపోవడమే. నది ఒడ్డున ఓడ ఆకారంలో ఉన్న పెద్ద కట్టడం ముందు నేలమీద రాళ్ళతో పరిచిన ప్రపంచపటం ఉంటుంది. అందులో మన దేశాన్ని వెతుక్కోవడం పిల్లలకి సరదా. అక్కడికి 15వ నంబరు ట్రామ్ వెళ్తుంది.

పాత ఊళ్ళో ఏం చూడాలి?

ముందు ఒక తేదీ తెలుసుకోండి: 1755 నవంబర్ 1. పొద్దున, సకల పునీతుల పండగ, ఊరంతా చర్చిల్లో ఉంది. భూకంపం వచ్చింది. ప్రార్థన కోసం వెలిగించిన కొవ్వొత్తుల వల్ల మంటలు లేచాయి. నది ఒడ్డుకి పరిగెత్తిన వాళ్ళని సునామీ ముంచేసింది. ఇప్పుడు మీరు చూసే బాయిషా, చదరంగం బల్లలా గీత గీసినట్టున్న ఆ వీధులన్నీ, ఆ తర్వాత మంత్రి పొంబాల్ కట్టించినవి. నది ముందున్న పసుపు రంగు భవనాల పెద్ద మైదానం పేరు వాణిజ్య చౌరస్తా. కానీ పాతకాలం వాళ్ళు ఇప్పటికీ ‘రాజభవనం పెరడు’ అనే అర్థమొచ్చే పేరుతోనే పిలుస్తారు. ఆ రాజభవనం ఆ రోజే పోయింది.

ఈ కథ కళ్ళతో చూడాలంటే కార్ము మఠానికి వెళ్ళండి. పైకప్పు కూలిపోయింది, మళ్ళీ వేయలేదు. ఎత్తైన ఆర్చీలు ఖాళీగా ఆకాశం కింద నిలబడి ఉంటాయి, మధ్యలో గడ్డి. 1974 ఏప్రిల్ 25న నియంతృత్వం కూలినప్పుడు ప్రధాని లొంగిపోయింది కూడా ఈ చౌరస్తాలోని బ్యారక్స్‌లోనే. సైనికుల తుపాకుల్లో జనం కార్నేషన్ పువ్వులు గుచ్చారు. గోవాని 1961 దాకా వదలని ప్రభుత్వం అదే.

అక్కణ్ణుంచి దిగి రొస్సియు పక్కన సావ్ దొమింగుష్ చర్చిలోకి తప్పకుండా వెళ్ళండి. చాలా టూర్ లిస్టుల్లో ఉండదు. 1959లో కాలిపోయింది. పగిలిన స్తంభాలు, మసిబారిన రాయి అలాగే ఉంచి, పైకప్పు మాత్రం వేసి పూజలు మొదలుపెట్టారు. బయట 1506లో ఇక్కడ యూదుల్ని ఊచకోత కోసిన సంగతి గుర్తుచేసే రాయి ఉంది. ఎదురుగానే పుల్ల చెర్రీల మద్యం ‘జింజీన్య’ చిట్టి గ్లాసుల్లో అమ్మే 1840 నాటి కొట్టు. అంత బరువైన చోటు, దాని పక్కనే నవ్వుతూ గ్లాసులు పట్టుకున్న జనం. లిస్బన్ అలాగే ఉంటుంది.

అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కగలరా?

కొన్ని కిటుకులున్నాయి. బాయిషా-షియాదు మెట్రో స్టేషన్‌లో ఒక గేటు కిందున్న బాయిషాలో, ఇంకోటి పైనున్న షియాదులో. మధ్యలో పొడవాటి ఎస్కలేటర్లు. రైలెక్కక్కర్లేదు, కొండ ఎక్కడానికి వాడుకోండి. కొండ మీదున్న సావ్ జోర్జ్ కోటకి వెళ్ళాలంటే ఫాంకెయిరుష్ వీధిలోని ఒక మామూలు భవనంలో ఉచిత లిఫ్ట్ ఉంది. పైకెళ్ళాక కాస్త నడిస్తే సూపర్‌మార్కెట్ ఉన్న భవనంలో రెండో లిఫ్ట్. అక్కణ్ణుంచి కోట దగ్గరే. లేదంటే 737 నంబరు బస్సు. 1902 నాటి ఇనుప లిఫ్ట్ సాంతా జుష్తా చూడ్డానికి బాగుంటుంది గానీ క్యూలో నిలబడే ఓపికతో మెట్లే ఎక్కేయొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం చెప్పులు. కాలిబాటలన్నీ నున్నటి తెల్లరాయి, వాన పడితే జారుడుబల్ల. మా అమ్మ మామూలు శాండల్స్‌తో వచ్చి రెండో రోజే గ్రిప్ ఉన్న షూ కొనుక్కుంది.

సూర్యాస్తమయం ఎక్కడ నుంచి చూడాలి?

సెన్యోర దు మోంత్. ఊళ్ళో ఎత్తైన చోట్లలో ఒకటి, టిక్కెట్టు లేదు. కోట, నది, వంతెన అన్నీ ఒక్క చూపులో పడతాయి. జనం తక్కువ కావాలంటే కాయిష్ దు సొద్రె నుంచి ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డు కసీల్యష్‌కి వెళ్ళండి. పది నిమిషాల ప్రయాణం, అక్కణ్ణుంచి లిస్బన్ మొత్తం కనిపిస్తుంది.

ఫాదు వినాలా? భాష రాదు కదా?

వినండి. ఫాదు అంటే లిస్బన్ వాళ్ళ సంప్రదాయ పాట. భాష రాకపోయినా గొంతులో ఉన్న బెంగ అర్థమవుతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘సౌదాద్’. ఫాదుని 2011లో యునెస్కో గుర్తించింది. లైట్లు తగ్గిస్తారు, పాట మొదలవగానే వెయిటర్లు కూడా కదలరు. అప్పుడు మాట్లాడినా, ఫోన్ మోగినా చుట్టూ ఉన్నవాళ్ళు ఉరిమి చూస్తారు. డిన్నర్‌తో కలిపిన పెద్ద ఫాదు ఇళ్ళలో మనిషికి ఇంత అని కనీస బిల్లు ఉంటుంది, కూర్చునే ముందే అడగండి.

సీంత్రా ఒక్క రోజులో అవుతుందా?

అవుతుంది, రెండు చోట్లే చూస్తే. రొస్సియు స్టేషన్ నుంచి రైల్లో 40 నిమిషాలు. పేనా ప్యాలెస్ టిక్కెట్టు మీద గంట రాసి ఉంటుంది, ఆలస్యమైతే లోపలికి పంపరు. గేటు నుంచి ప్యాలెస్ దాకా కొండ ఎక్కడానికే అరగంట పడుతుందని లెక్కేసుకోండి. నాకు పేనా రంగులకంటే కింద ఉన్న కీంత ద రెగలెయిర నచ్చింది: నేలలోకి 27 మీటర్ల లోతున మెట్లు చుట్లు తిరుగుతూ దిగే బావి, అడుగున సొరంగాలు. మన దిగుడు బావులు చూసిన కంటికి కూడా కొత్తగానే ఉంటుంది. కారులో మాత్రం వెళ్ళకండి, పార్కింగ్ దొరకదు.

పిల్లలు విసుక్కోకుండా?

1998 ఎక్స్‌పో కోసం కట్టిన ఓషనేరియం, అంటే పెద్ద అక్వేరియం. సగం రోజు. అంతే.

ఏం కొనుక్కోవాలి?

రంగురంగుల చేపల డబ్బాలు, కార్క్ బెరడుతో చేసిన పర్సులు. మంగళవారం, శనివారం జరిగే ఫెయిర ద లాద్ర పాతసామాన్ల సంత చూడ్డానికి బాగుంటుంది, కానీ అక్కడ పాత గోడపలకలు కొనకండి. ఇళ్ళ గోడల నుంచి పీకి అమ్మే దొంగలున్నారు. కొత్తవి షాపుల్లో కొనండి.

పోర్చుగీసు రాకపోతే ఇబ్బందా?

లేదు, ఇంగ్లిష్ బాగానే నడుస్తుంది. పైగా మీకు కొంత పోర్చుగీసు ముందే వచ్చు. అలమార, బొత్తాం, తువాలు, ఇస్త్రీ, మేస్త్రీ అన్నీ ఆ ఓడల్లో దిగిన మాటలే. మార్కెట్లో మా అమ్మ పైనాపిల్ చూపించి ‘అనాస ఎంత?’ అని తెలుగులోనే అడిగేసింది. అమ్మే ఆవిడ ‘అననాష్, అననాష్’ అంటూ వేళ్ళతో ధర చెప్పింది. నేను అనువాదం చేయాల్సిన అవసరమే రాలేదు.

ఇంటి నుంచి పచ్చళ్ళు, స్వీట్లు తీసుకెళ్ళొచ్చా?

పచ్చళ్ళు, పొడులు సరే. కానీ బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేనివ్వరు. కాబట్టి చికెన్ పచ్చడి, కోవా, నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ సీసా మూతకి ప్లాస్టిక్ కవర్ చుట్టి, దాని మీద టేపు వేసి, ఇంకో కవర్లో పెట్టి, చెక్-ఇన్ సామాన్లోనే వేయండి. చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది. తెల్లచొక్కాలకి మాత్రం దూరంగా సర్దండి.